ఎస్పీ ఎవరి మనిషి?

మిత్రులారా, ఈ హాస్టల్ మెట్లు దిగి ఉద్యోగాల్లో, వ్యవసాయంలో, ఊరి బతుకుల్లో ఉన్న అన్నలారా, అక్కలారా!

వార్షికోత్సవ సంచిక అంటే చదువు విలువ, క్రమశిక్షణ, మెస్ ఛార్జీలు, కాస్మొటిక్ ఛార్జీలు, పాత జ్ఞాపకాలు. ఇవన్నీ ఈ సంచికలో ఉండనే ఉన్నాయి. మేము మాత్రం ఈసారి పోలీసు శాఖ పెద్దల నియామకాల గురించి రాస్తున్నాం. సంక్షేమ హాస్టల్ పిల్లలకు డీజీపీ ఎవరైతే ఏమిటి, ఎస్పీని ఎవరు వేస్తే ఏమిటి అని కొందరు నవ్వవచ్చు. ఈ రాష్ట్రంలో ఆ విషయంతో మనకున్నంత పని ఇంకెవరికీ లేదన్నదే మా జవాబు. అది ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

సంగతి మనదెట్లా అయింది?

మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలీలు, చిన్న రైతులు, బొంబాయికో పూణెకో వలస పోయి వచ్చేవాళ్ళు. పాలమూరు కూలి అనే మాట ఊరికే పుట్టలేదు. పలుకుబడి ఉన్నవాడికి కష్టం వస్తే ఫోన్ చేయడానికి నాలుగు నంబర్లు ఉంటాయి. మనకు ఉన్నది పోలీసు స్టేషన్ ఒక్కటే. ఉన్నవాడికి చట్టం అనేది ఉన్న దారుల్లో ఒక దారి. లేనివాడికి అదొక్కటే దారి. ఆ దారిలో గేటు పెట్టి, తాళం వేరేవాళ్ళ చేతికిస్తే నష్టపోయేది ఎవరో వేరే చెప్పాలా?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి. ఆ నిబంధనల ప్రకారం మన మీద జరిగిన దాడి కేసును ఎస్‌ఐ, సీఐ దర్యాప్తు చేయరాదు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. 60 రోజుల్లో ఛార్జిషీటు కోర్టులో వేయాలి. చట్టం రాసినవాళ్ళు ఎందుకిలా పెట్టారు? కింది స్థాయిలో ఊరి పెద్దల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, పై అధికారి అయితే దానికి లొంగడని నమ్మి పెట్టారు. ఆ నమ్మకం నిలవాలంటే ఆ డీఎస్పీ ఎవరి దయతో ఆ కుర్చీలో కూర్చున్నాడన్నది ముఖ్యం. కేసు రాసే పెన్ను ఆయన చేతిలోనే ఉంటుంది. కానీ ఆయన కుర్చీ స్థానిక నాయకుడి చేతిలో ఉంటే ఆ పెన్ను ఎటు నడుస్తుంది?

మాలో ఒక తమ్ముడి తండ్రి పొలం గట్టు తగాదాలో దెబ్బలు తిని స్టేషన్‌కు పోయాడు. కాగితం చేతిలోకి తీసుకోకముందే, ఊళ్ళో పెద్దమనిషితో మాట్లాడుకున్నారా అని అడిగారట. మూడుసార్లు తిరిగినాక కాగితం తీసుకున్నారు, రసీదు మాత్రం ఇవ్వలేదు. ఆ స్టేషన్‌లో ఉన్నవాళ్ళంతా చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. వాళ్ళలో మన హాస్టళ్ళలో చదివినవాళ్ళూ ఉండి ఉంటారు. అయితే కాగితం తీసుకుంటే ఎవరికి కోపం వస్తుందో, ఆ కోపం ఎన్ని రోజుల్లో బదిలీ ఉత్తర్వుగా మారుతుందో వాళ్ళకు తెలుసు. ఎమ్మెల్యే లెటరు ఉంటేనే పోస్టింగ్ అనే మాట మన జిల్లాల్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. లెటరుతో వచ్చినవాడు లెటరు ఇచ్చినవాడిని కాదని ఎట్లా నిలబడతాడు?

కింద ఎస్‌ఐ దగ్గర కనబడే ఈ జబ్బు పుట్టేది పైన. డీజీపీ కుర్చీయే ముఖ్యమంత్రి ఇష్టం మీద ఆధారపడితే ఎస్పీ కుర్చీ మంత్రి ఇష్టం మీద, సీఐ కుర్చీ ఎమ్మెల్యే ఇష్టం మీద ఆధారపడతాయి. నీళ్ళు పైనుంచే కదా కిందికి పారేది!

నిజాం కాలం నుంచి నేటి దాకా

మన ప్రాంతానికి ఈ కథ కొత్తది కాదు. నిజాం పాలనలో ఊరికొక పోలీసు పటేలు ఉండేవాడు. ఆ పని వంశపారంపర్యంగా వచ్చేది. దొర గడీ, పటేలు చావడి ఒకే మాట మీద నడిచేవి. నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడినప్పుడు, ఫిర్యాదు చేసుకోవడానికి వాళ్ళకు ఒక ఠాణా లేకపోలేదు. ఆ ఠాణా దేశ్‌ముఖ్ వైపు ఉంది. అంతే తేడా. న్యాయం అడగడానికి చోటు లేనప్పుడు జనం ఏం చేస్తారో ఆ పోరాటం చెప్పింది.

1948లో నిజాం పోయాడు. పటేల్, పట్వారీ వ్యవస్థను 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. కానీ పోలీసు చట్టం మారలేదు. బ్రిటిష్ ఇండియాలో 1861 నాటి పోలీసు చట్టం. మన తెలంగాణ జిల్లాల్లో 1329 ఫసలీ నాటి హైదరాబాద్ జిల్లా పోలీసు చట్టం. ఫసలీ లెక్క తీస్తే అది 1919-20 ప్రాంతంలోది. కొత్త రాష్ట్రం వచ్చాక కూడా పేరు మార్చుకుని అదే కొనసాగింది. ఈ పాత చట్టాలు పోలీసును పాలకుడి చేతి కర్రగా తయారు చేశాయి. పాలకుడు నిజామైనా, తెల్లదొరైనా, మనం ఓటేసి గెలిపించిన నాయకుడైనా కర్ర మాత్రం అదే.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఎమర్జెన్సీ రోజుల్లో పోలీసులను ఎట్లా వాడుకున్నారో చూసిన తర్వాత 1977లో కేంద్రం ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేసింది. అది 1979 నుంచి 1981 వరకు ఎనిమిది నివేదికలు ఇచ్చింది. వాటిని అటక మీద పెట్టారు. ఉత్తరప్రదేశ్, అస్సాం రాష్ట్రాల్లో డీజీపీగా, సరిహద్దు భద్రతా దళం అధిపతిగా పనిచేసి రిటైరైన ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పదేళ్ళ తర్వాత, 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. కోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇవి గుర్తుపెట్టుకోవాలి. మార్కుల కోసం మాత్రమే కాదు.

ఒకటి, ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర భద్రతా కమిషన్ ఉండాలి. అందులో ముఖ్యమంత్రి లేదా హోంమంత్రితో పాటు ప్రతిపక్ష నాయకుడు, ప్రభుత్వానికి సంబంధం లేని సభ్యులు ఉండాలి. రెండు, డీజీపీని యూపీఎస్సీ తయారు చేసిన ముగ్గురు సీనియర్ల జాబితా నుంచే ఎంచుకోవాలి, రిటైర్మెంట్ తేదీతో పని లేకుండా కనీసం రెండేళ్ళు ఉంచాలి. మూడు, ఎస్పీకి, స్టేషన్ ఆఫీసరుకు కూడా కనీసం రెండేళ్ళ పదవీకాలం ఇవ్వాలి. నాలుగు, దర్యాప్తు చేసే పోలీసులను శాంతిభద్రతల పోలీసుల నుంచి వేరుచేయాలి. ఐదు, డీజీపీ, మరో నలుగురు సీనియర్ అధికారులతో పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు ఉండాలి. డీఎస్పీ వరకు బదిలీలు అదే చూడాలి, ఆ పైవారికి సిఫారసు చేయాలి. ఆరు, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాల్లో రిటైర్డు జడ్జీల ఆధ్వర్యంలో ఫిర్యాదుల అథారిటీలు ఉండాలి. ఏడవది కేంద్ర దళాల అధిపతుల ఎంపిక గురించి.

ఇందులో ప్రభుత్వ అధికారాన్ని పూర్తిగా లాక్కున్నది ఎక్కడుంది? ముగ్గురిలో ఒకరిని ఎంచుకునేది ప్రభుత్వమే. కాకపోతే నా ఇష్టం వచ్చినవాడిని, నా ఇష్టం వచ్చినన్ని రోజులు అనే మాట కుదరదని కోర్టు చెప్పింది. మన హాస్టల్‌లో సీటు ఇవ్వడానికి కూడా ఆదాయ పరిమితి, మెరిట్, రిజర్వేషన్ అన్నీ లెక్క చూస్తారు కదా! నాలుగు కోట్ల మంది భద్రత చూసే మనిషిని వేయడానికి ఆ మాత్రం లెక్క వద్దా?

రాష్ట్రాలు దొంగదారులు వెతికాయి. రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు తమవాడిని డీజీపీ చేసి రెండేళ్ళు పొడిగించుకున్నారు. లేదా ఇన్‌ఛార్జి డీజీపీ అని పేరు పెట్టి జాబితా ఊసే ఎత్తలేదు. అందుకే 2018 జూలై 3న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఖాళీ రావడానికి మూడు నెలల ముందే యూపీఎస్సీకి పేర్లు పంపాలని, ఇన్‌ఛార్జి డీజీపీ అనే పద్ధతే ఉండరాదని ఆదేశించింది. ఇన్‌ఛార్జి మాట ఎందుకంత ప్రమాదం? రేపు ఉంచుతారో తీసేస్తారో తెలియని మనిషికి ఎదురు చెప్పే ధైర్యం ఎక్కడ ఉంటుంది? కాంట్రాక్టు లెక్చరరుకు, అవుట్‌సోర్సింగ్ వంటమనిషికి ఉండే భయమే ఆ పెద్ద కుర్చీలో కూర్చున్నవారికీ ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల లెక్క

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం డీజీపీ ఎస్.ఎస్.పి. యాదవ్‌ను పక్కకు తప్పించి ఏ.కె. మహంతిని వేయించింది. ఎన్నికలు అయిపోగానే ప్రభుత్వం యాదవ్‌ను తిరిగి తెచ్చింది. ఎన్నికల సంఘం ఉన్నన్ని రోజులే నిష్పాక్షికత, ఆ తర్వాత పాత కథే అన్నట్టు ఉంది ఈ వ్యవహారం. 2011లో వి. దినేశ్ రెడ్డిని డీజీపీగా వేస్తే, మరో సీనియర్ అధికారి కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. 2012లో ట్రిబ్యునల్ ఆ నియామకాన్ని కొట్టివేసింది. యూపీఎస్సీ జాబితా తెప్పించుకున్నాక ప్రభుత్వం మళ్ళీ ఆయననే వేసింది. 2013లో రిటైరైన తర్వాత ఆయన ఒక రాజకీయ పార్టీలో చేరారు. చేరడం ఆయన హక్కే కావచ్చు. కానీ నిన్నటి దాకా అన్ని పార్టీలకూ సమానంగా ఉండవలసిన కుర్చీలో కూర్చున్నవారు ఇవాళ ఒక కండువా కప్పుకుంటే, చూసే జనానికి ఏమనిపిస్తుంది?

రాష్ట్రం విడిపోయింది. పద్ధతి విడిపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో తెలుగుదేశం ప్రభుత్వం డీజీపీని తానే ఎంపిక చేసుకునేందుకు ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వంలో కె.వి. రాజేంద్రనాథ్ రెడ్డి 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళకు పైగా ఇన్‌ఛార్జి డీజీపీగానే ఉన్నారు. 2024 మే 13న పోలింగ్ ఉండగా, దానికి వారం ముందు ఎన్నికల సంఘం ఆయనను బదిలీ చేసింది.

తెలంగాణలో 2022 డిసెంబరు 31న ఎం. మహేందర్ రెడ్డి రిటైరయ్యారు. బీఆర్ఎస్ ప్రభుత్వం అంజనీకుమార్‌కు ఇన్‌ఛార్జి బాధ్యత ఇచ్చింది. 2023 డిసెంబరు 3న ఓట్ల లెక్కింపు ఇంకా నడుస్తుండగానే ఆయన పూలగుచ్ఛంతో రేవంత్ రెడ్డి ఇంటికి వెళ్ళారు. ఎన్నికల సంఘం అదే రోజు సస్పెండ్ చేసింది, కొద్ది రోజులకు ఆ సస్పెన్షన్ ఎత్తివేసింది. ఆ స్థానంలో రవిగుప్తా వచ్చారు. 2024 జూలైలో కాంగ్రెస్ ప్రభుత్వం జితేందర్‌ను వేసింది. 2025 సెప్టెంబరు చివర ఆయన రిటైరవగా బి. శివధర్ రెడ్డిని నియమించింది. ఆ నియామకం మీద కూడా హైకోర్టులో పిటిషన్ పడింది. లెక్క వేయండి మిత్రులారా! 2022 చివరి నుంచి 2025 అక్టోబరు 1 వరకు మూడేళ్ళు నిండకుండానే నలుగురు కుర్చీ ఎక్కారు. దిగిన ముగ్గురిలో ఒకరు పదకొండు నెలలు, ఒకరు ఏడు నెలలు, ఒకరు పదునాలుగు నెలల పైచిలుకు ఉన్నారు. కోర్టు చెప్పిన రెండేళ్ళు ఒక్కరికీ దక్కలేదు.

ఆ పూలగుచ్ఛం గురించి ఒక మాట. దాన్ని ఒక మనిషి తప్పుగా చూసి వదిలేస్తే మనకు పాఠం అందదు. గెలుస్తున్న నాయకుడికి ముందుగా మొహం చూపించకపోతే రేపు కుర్చీ ఉండదన్న భయం రాష్ట్రంలోని అతి పెద్ద పోలీసు అధికారికి కూడా పుట్టేటట్టు ఉంది ఈ వ్యవస్థ. మనం మార్చవలసింది దాన్ని. ఇందులో కాంగ్రెస్, తెలుగుదేశం, బీఆర్ఎస్, వైఎస్సార్ కాంగ్రెస్ అన్న తేడా లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరూ ప్రకాశ్ సింగ్ తీర్పు చదువుతారు. అధికారంలోకి రాగానే అందరూ పుస్తకం మూస్తారు.

మన నల్లగొండ, పాలమూరు సంగతి

2023 అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చిన రెండు మూడు రోజులకే ఎన్నికల సంఘం ముగ్గురు పోలీసు కమిషనర్లను, పదిమంది ఎస్పీలను ఒక్క దెబ్బకు బదిలీ చేయించింది. ఆ పదిమందిలో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, నారాయణపేట, సూర్యాపేట ఎస్పీలు ఉన్నారు. అంటే సగం మంది మన పాత రెండు జిల్లాల పరిధిలోని వాళ్ళే. వాళ్ళు వ్యక్తులుగా ఏదో తప్పు చేశారని మేము అనడం లేదు. కానీ ఎన్నికల సంఘమే ఇంతమందిని మార్చక తప్పదని భావించిందంటే, మామూలు రోజుల్లో వేసే పోస్టింగుల మీద దానికి నమ్మకం లేదన్నమాటే. ఓటు వేసే నెలన్నర కోసం నిష్పాక్షికమైన ఎస్పీ కావాలి సరే. మిగతా నాలుగున్నరేళ్ళు మన అమ్మానాన్నలకు అక్కరలేదా?

మంచి ఉదాహరణ కూడా మన జిల్లాలోనే ఉంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులం తక్కువని ఒక దళిత యువకుణ్ణి ఆస్పత్రి ముందు, గర్భవతి అయిన భార్య చూస్తుండగా నరికి చంపారు. చంపించినవాడి దగ్గర డబ్బుకు, పలుకుబడికి కొదవ లేదు. అయినా కేసు చెదరలేదు. హత్య జరిగిన రోజు జిల్లా ఎస్పీగా ఉన్న ఏ.వి. రంగనాథే మరుసటి ఏడాది ఛార్జిషీటు వేసే నాటికీ ఎస్పీగా ఉన్నారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. మరణశిక్ష సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దర్యాప్తు మధ్యలో ఎస్పీ మారకపోవడం వల్ల కేసు చేతులు మారకుండా నిలిచిందన్నది మేము చూసిన పాఠం. రెండేళ్ళ పదవీకాలం అనే నిబంధన కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. కానీ ఒక కేసు ఎఫ్‌ఐఆర్ నుంచి ఛార్జిషీటు దాకా నడిచి, సాక్షులు బెదరకుండా నిలబడడానికి కావలసిన కాలం అదే.

చెడ్డ ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. రాష్ట్ర నిఘా విభాగానికి చెందిన ఎస్‌ఐబీ మాజీ అధిపతి అందులో ముఖ్య నిందితుడు. ఆయన గతంలో నల్లగొండ ఎస్పీగా పనిచేసినవారు. రిటైరయ్యాక కూడా ప్రభుత్వం ఆయనను అదే విభాగంలో కొనసాగించింది. ఆరోపణలు నిజమో కాదో కోర్టు తేల్చాలి. మేము తీర్పు చెప్పడం లేదు. కానీ రిటైరైన మనిషిని పాలకుల ఇష్టం మీద కీలకమైన చోట కూర్చోబెట్టే వీలు ఉన్నంతకాలం ఇటువంటి అనుమానాలు వస్తూనే ఉంటాయి.

ఎదురు ప్రశ్నలకు మా జవాబు

ఈ విషయం హాస్టల్‌లో రాత్రి స్టడీ అవర్ తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. మాలోనే ఎదురు వాదనలు వచ్చాయి. అవి దాచిపెట్టడం న్యాయం కాదు.

మొదటి ప్రశ్న: మనం ఓటేసి గెలిపించిన ప్రభుత్వానికి అధికారిని ఎంచుకునే హక్కు లేదా? ఉంది. శాంతిభద్రతలు చెడిపోతే జనం నిలదీసేది ముఖ్యమంత్రినే. కాబట్టి విధానం ప్రభుత్వానిది. నేరాలు తగ్గించండి, మహిళల భద్రత చూడండి అని చెప్పే హక్కు దానిది. కానీ ఫలానా వాడి మీద కేసు పెట్టు, ఫలానా వాడిని వదిలెయ్ అని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. కేరళలో 2016లో కొత్త ప్రభుత్వం రాగానే డీజీపీ టి.పి. సేన్‌కుమార్‌ను తీసేసింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయనను తిరిగి అదే కుర్చీలో కూర్చోబెట్టింది. జనం మార్చిన ప్రభుత్వం వేరు, చట్టం ఇచ్చిన పదవీకాలం వేరు అని ఆ తీర్పు చెప్పింది.

రెండవ ప్రశ్న ఇంకా గట్టిది. నాయకుల అదుపు కూడా లేకపోతే పోలీసులు ఇంకా చెలరేగిపోరా? నల్లమల చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్‌కౌంటర్ మాట విని పెరిగిన మాకు ఆ భయం తెలుసు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులను కాల్చి చంపారు. ఆ నలుగురూ మన నారాయణపేట జిల్లా ఊళ్ళ పేదింటి పిల్లలు. జరిగిన నేరం ఘోరమైనది, ఆ బిడ్డకు న్యాయం జరగవలసిందే. అది కోర్టులో జరగాలి. ఆ రోజు నాయకులు, సినిమావాళ్ళు, జనం పూలు చల్లారు. 2022లో బయటకు వచ్చిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక మాత్రం, పోలీసులు చంపాలనే కాల్చారని, పదిమంది మీద హత్యానేరం విచారణ జరపాలని చెప్పింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని హైకోర్టుకు పంపింది.

కాబట్టి మేము అడిగే స్వతంత్రం చట్టం నుంచి స్వతంత్రం కాదు. పార్టీ నుంచి స్వతంత్రం, చట్టానికి బానిసత్వం. అందుకే కోర్టు ఏడు ఆదేశాలను కలిపి ఇచ్చింది. డీజీపీకి పదవీకాలం ఇచ్చి ఫిర్యాదుల అథారిటీని ఎగ్గొడితే ఒక ఎద్దుతో బండి తోలినట్టే. పోలీసు సంస్కరణ అనగానే అధికారులు పదవీకాలం మాటే చెబుతారు, ఫిర్యాదుల అథారిటీ మాట ఎత్తరు. నాయకులు రెండూ ఎత్తరు. రెండూ అడగవలసినవాళ్ళం మనమే.

మూడవ ప్రశ్న మన హాస్టల్ బిడ్డలకు ప్రత్యేకమైనది. సీనియారిటీ, జాబితా అంటే పెద్ద కులాల అధికారులకే మేలు కాదా? మన నుంచి ఎంతమంది ఆ మెట్టు దాకా పోతారు? ఇది ఆలోచించవలసిన మాటే. మన ఆలంపూర్ నుంచి ఐపీఎస్ అయి, గురుకులాలను నడిపిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ లాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కానీ గాడ్‌ఫాదర్ లేని అధికారికి నిబంధన తప్ప వేరే అండ ఏముంటుంది? ఇష్టం మీద నడిచే చోట చుట్టరికం, కులం, డబ్బు గెలుస్తాయి. లెక్క మీద నడిచే చోట మనవాడికీ ఒక అవకాశం ఉంటుంది. జాబితాలో పేరు ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో కారణాలు బయటపెట్టాలని కూడా మనం అడగాలి.

ఇక్కడ ఒక పేరు తలచుకోవాలి. సంక్షేమ హాస్టళ్ళు ఇవాళ ఇలా ఉన్నాయంటే ఎస్.ఆర్. శంకరన్ గారి చెమట అందులో ఉంది. వెట్టిచాకిరీ కింద నలిగేవాళ్ళ పక్షాన నిలిచినందుకు నాటి పాలకులకు ఆయన నచ్చలేదు. త్రిపురకు వెళ్ళి ప్రధాన కార్యదర్శిగా పేరు తెచ్చుకున్నారు. ఆయన ఐఏఎస్, పోలీసు కాదు. కానీ పేదల పక్షం నిలిచే అధికారికి రక్షణ లేకపోతే ముందు నష్టపోయేది పేదలే అన్నది ఆయన జీవితం చెప్పే పాఠం.

మేము అడుగుతున్నవి

ఒకటి: డీజీపీ ఖాళీ రాకముందే మూడు నెలల గడువులో పేర్లు పంపాలి. ఇన్‌ఛార్జి నియామకాలు పూర్తిగా మానాలి.

రెండు: ఎస్పీలను, సీఐలను, ఎస్‌ఐలను రెండేళ్ళలోపు బదిలీ చేస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేసి, జిల్లా వెబ్‌సైటులో పెట్టాలి. పోస్టింగు కోసం ప్రజాప్రతినిధులు ఇచ్చే సిఫారసు లేఖలను ఫైలులో చేర్చి, సమాచార హక్కు చట్టం కింద అడిగినవారికి ఇవ్వాలి. లెటరు ఇవ్వడం తప్పు కాదనుకుంటే దాచుకోవడం ఎందుకు?

మూడు: ప్రతి జిల్లాలో ఫిర్యాదుల అథారిటీ నిజంగా పనిచేయాలి. దాని చిరునామా ప్రతి స్టేషన్ గోడ మీద, ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద రాయాలి.

నాలుగు: పెద్ద పోస్టుల నుంచి రిటైరైన పోలీసు అధికారులు కొన్నేళ్ళపాటు పార్టీల్లో చేరకుండా, ప్రభుత్వం వాళ్ళను తిరిగి నిఘా విభాగాల్లో పెట్టకుండా నిబంధన రావాలి.

ఐదు: 1329 ఫసలీ నాటి చట్టం స్థానంలో తెలంగాణకు కొత్త పోలీసు చట్టం తేవాలి. దాని ముసాయిదాను తెలుగులో జనం ముందు పెట్టాలి.

మనం చేయగలిగింది

ఇవన్నీ ప్రభుత్వాలు చేయవలసిన పనులు. మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు నాలుగు సంగతులు ఇంట్లో చెబుదాం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపవచ్చు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఎస్సీ, ఎస్టీ కేసులో విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి మీద అదే చట్టం 4వ సెక్షన్ కింద చర్య తీసుకోవచ్చు. చదువురాని మన పెద్దలకు ఒక దరఖాస్తు రాసిపెట్టడం, పోస్టు రసీదు జాగ్రత్త చేయడం పదవ తరగతి పిల్లవాడు కూడా చేయగల పని.

ఇక రేపటి సంగతి. 2022లో పోలీసు నియామక మండలి 16 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మన హాస్టల్ గ్రౌండ్‌లో తెల్లవారుజామున పరుగెత్తినవాళ్ళు ఎంతమందో సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. ఖాకీ వేసుకున్న అన్నలూ, అక్కలూ! మీ మీద ఉన్న ఒత్తిడి మాకు తెలుసు. మీకు రెండేళ్ళ పదవీకాలం రావాలని, మీ మీద లెటర్ల పెత్తనం పోవాలని మేము అడుగుతున్నాం. బదులుగా మీ నుంచి ఒక్కటి కోరుతున్నాం. దుమ్ము కాళ్ళతో, చేతిలో నలిగిన కాగితంతో ఒక ముసలాయన స్టేషన్ గడప దగ్గర నిలబడితే, నీ వెనక ఎవరున్నారు అని అడగకండి. కుర్చీ చూపించండి, కాగితం తీసుకోండి, రసీదు ఇవ్వండి.

ఎస్పీ ఎవరి మనిషి అని ఊళ్ళో ఎవరైనా అడిగితే మంత్రి మనిషి అనో ఎమ్మెల్యే మనిషి అనో జవాబు రాకూడదు. చట్టం మనిషి అని రావాలి. ఆ రోజు వచ్చేదాకా ఈ ప్రశ్నను మనం అడుగుతూనే ఉండాలి.

హాస్టల్ విద్యార్థుల తరఫున, సంచిక మిత్రబృందం